కిరాణం, జేబు, అంకుశం

మూడు బొమ్మలు గీసి మా వదినె చేత ఆమె భర్త పేరు పలికించాను. ఆ రోజు నేను చేసిన తప్పు ఇదే. ఇప్పటి పిల్లలకు చెబితే, అయితే ఏమైంది అని అడుగుతారు. అడగడంలో వాళ్ళ తప్పేమీ లేదు. మా హుస్నాబాద్ ఇంట్లో ఆ రోజుల్లో ఏ ఆడమనిషీ భర్త పేరు నోటితో అనేది కాదు. అంటే ఆయన ఆయుష్షు తరుగుతుందని నమ్మేవాళ్ళు. ఓట్ల కాగితాలు రాసుకునేవాళ్ళు వచ్చి ఇంటాయన పేరు అడిగితే పక్కనున్న పిల్లల్ని ముందుకు తోసేవాళ్ళు. మా మేనత్త భర్త పేరు మల్లయ్య. ఆమె బతికినన్నాళ్ళూ మల్లెపూలను తెల్లపూలు అనే అన్నది. ఇదంతా నాకు తెలుసు. తెలిసే ఆ బొమ్మలు గీశాను.

చాలా ఏళ్ళు దీన్ని తలుచుకోకుండానే గడిపాను. తలుచుకున్నా, మూఢనమ్మకం వాళ్ళది, నాదేముంది అని సర్ది చెప్పుకున్నాను. కళ్ళు చూపించుకోవడానికి కరీంనగర్ దవాఖానాకు పోయిన ఒక పొద్దున నా సర్దుబాటు చెదిరిపోయింది. చీటీలు రాసే కిటికీ ముందు జనం వరుసగా నిలబడి ఉన్నారు. వరుసకు కాస్త ఎడంగా, గోడ పక్కన శాంత వదినె నిలబడి ఉంది. తన వంతు వచ్చినప్పుడల్లా వెనకవాళ్ళకు దారి ఇచ్చి మళ్ళీ గోడకు జరుగుతున్నది. కాసేపు నాకు అర్థం కాలేదు. బెంచీ మీద మా రాజేశం అన్న దుప్పటి కప్పుకుని జ్వరంతో వణుకుతూ పడుకుని ఉన్నాడు. నన్ను చూడగానే వదినె గబగబా వచ్చి చెయ్యి పట్టుకుంది. "మంచిగ దొరికినవు నర్సింగం. జర గా కిటికీల మీ అన్న పేరు చెప్పు. పొద్దటి సంది నిలవడ్డ. పిలగాడు ఊర్లె లేడు" అన్నది.

వదినె వయసువాళ్ళు, అంతకంటే పెద్దవాళ్ళు కూడా ఆ కిటికీలో భర్తల పేర్లు చెప్పి చీటీలు తీసుకుపోతున్నారు. లోకం ఆ కట్టుబాటును వదిలేసి చాలా కాలమైంది. జ్వరంతో కాలిపోతున్న మనిషిని బెంచీ మీద పెట్టుకుని కూడా ఆమె ఒక్కతే దాన్ని వదల్లేదు. ఎందుకు వదల్లేదో ఆ దవాఖానాలో ఆమె కాక తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

రాజేశం అన్న మా పెద్దనాయన కొడుకు. పెద్దనాయన తొందరగా పోయాడు. పెద్దమ్మే పొలమూ పశువులూ పాలేర్లనూ చూసుకుంటూ ఇల్లు నడిపింది. అన్నకు చదువు అబ్బలేదు, వ్యవసాయం మీద మనసు పోలేదు. గోదావరిఖని దిక్కు బొగ్గుబాయిలో కొలువుకు పోయి, సెలవు దొరికినప్పుడు వచ్చిపోయేవాడు. ఉండటానికి క్వార్టరు దొరికేదాకా వదినె మా దగ్గరే ఉంది. మేమంతా ఒకే ఆవరణలో ఉండేవాళ్ళం. ఆవరణ చుట్టూ గదులు, మధ్యలో గచ్చు, తూర్పు వైపు సాయబాను అని పిలిచే పొడుగాటి వసారా. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ సాయబానులోనే గడిచేవి. అన్నాలయ్యాక ఆడవాళ్ళంతా చింతకాయల గుట్ట చుట్టూ కూర్చునేవాళ్ళు. చిన్న కొయ్య సుత్తెలతో కొట్టి, గింజ తీసి, పండును ముద్దలు చేసి ఉప్పు చల్లి కుండలకెత్తేవాళ్ళు. ఇప్పటికీ ఎక్కడైనా కొత్త చింతపండు వాసన వస్తే నాకు ఆ సుత్తెల చప్పుడు వినిపిస్తుంది. దానితో పాటు పెద్దమ్మ నమిలే ఆకువక్కల వాసన, తడిపి వేలాడదీసిన గోనెపట్టాల వాసన కూడా వస్తాయి.

ఆ చప్పుడు మధ్య వారపత్రిక చదివి వినిపించడం నా పని. పత్రిక కరీంనగర్ బస్సులో వచ్చేది. బస్టాండు దగ్గర దుకాణంలో ఖాసింభాయి దాన్ని దండేనికి బట్టలపిన్నుతో తగిలించేవాడు. నేను పోగానే తీసి ఇస్తూ, "తీస్కపో, మీ ఇంట్ల చింతపండు ఆగిపోయుంటది" అని నవ్వేవాడు. వదినెకు చదవడం వచ్చు, రాజేశం అన్న చెల్లెలు సరోజక్కకూ వచ్చు. కానీ చేతులు ఖాళీగా ఉండవు కదా. సెలవులకు వచ్చిన కాలేజీ కుర్రాడిని గనుక ఖాళీ చేతులు నావే. సీరియల్ చదువుతుంటే పెద్దమ్మ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకునేది. నిద్రపోయిందనుకుని నేను ఒక పేరా దాటవేస్తే కళ్ళు తెరవకుండానే, "నడుమల ఏమో మింగినవు, కక్కు" అనేది. అందులో తారకం అని ఒక దుర్మార్గపు మేనమామ ఉండేవాడు. వాడి పేరు వచ్చినప్పుడల్లా పెద్దమ్మ సుత్తె ఇంకొంచెం గట్టిగా పడేది.

సీరియల్ చివర బొమ్మల పజిల్ ఉండేది. మాకు అసలు సంబరం అదే. వరుసగా కొన్ని బొమ్మలు, ప్రతి బొమ్మ కింద ఒక అంకె. ముందు బొమ్మకు మాట పట్టుకోవాలి. అంకె చెప్పినట్టు ఆ మాటలో ఒకటో అక్షరమో రెండో అక్షరమో తీసుకోవాలి. వాటిని కలిపితే సీరియల్లోని ఒక మనిషి పేరు వస్తుంది. తాళం, రథం, కంచం బొమ్మలు వేసి అన్నిటి కింద ఒకటి అని ఉంటే, తారకం. పాము, వల, నిచ్చెన ఉంటే, పావని. కథలో నాయిక ఆమెనే. అక్కడితో అయిపోయేది కాదు. అట్లా తేలిన పేర్లలోంచి మళ్ళీ ఒక్కో అక్షరం ఏరి కలిపితే ఇంకో కొత్త పేరు, వచ్చే వారం కథలోకి రాబోయే మనిషి పేరు, బయటపడేది. పొర తీస్తే పొర. ఆ చివరి పేరు పట్టుకున్నవాళ్ళకు ఆ వారమంతా మా ఇంట్లో మర్యాద.

ఆ మర్యాద ఎప్పుడూ శాంత వదినెదే. ఆమెది ఆదిలాబాద్. అక్కడ మరాఠీవాళ్ళ సావాసంతో పేర్లను దాచి చెప్పే ఆట ఆమెకు చిన్నప్పుడే వచ్చింది. ఆ దిక్కు కొత్త పెళ్ళికూతురు భర్త పేరును మామూలుగా అనదు, పాటలాంటి రెండు మూడు చరణాల్లో పొదిగి శుభకార్యాల్లో మాత్రమే అంటుంది. దాన్ని ఉఖాణా అంటారు. మా దిక్కు కూడా కొత్త జంట గడప దాటకముందు ఆడబిడ్డలు అడ్డం నిలబడి పేర్లు చెప్పమంటారు. మావాళ్ళు సిగ్గుపడి తలలు వంచుకుని, గొణిగి, ఏదో అయిందనిపిస్తారు. వదినె కాపురానికి వచ్చిన రోజు సరోజక్క చేతులు చాపి అడ్డం నిలబడితే, ఈమె తలెత్తి గుక్క తిప్పుకోకుండా, "పసుపుల కుంకుమ కలిపిన, పచ్చని తోరణం కట్టిన, రాజేశం చెయ్యి వట్టిన, మీ ఇంటి గడప దొక్కిన" అన్నది. సరోజక్క చేతులు వాటంతటవే కిందికి దిగాయి. ఆనాటి నుంచి మా వాడలో ఎవరి పెళ్ళయినా గడప దగ్గర పేర్లు అడగడానికి శాంతనే పిలిచేవాళ్ళు. పెళ్ళికూతుళ్ళకు ముందు రోజే చరణాలు కట్టి నేర్పేది. అది తప్ప తనకంటూ వేరే పేరు ప్రతిష్ఠ ఏమీ లేని ఇంట్లో, ఆమెకు అది పెద్ద సంగతి.

నాకేమో అది కడుపుమంట. డిగ్రీ చదివేవాణ్ణి నేను. పత్రిక మడత విప్పేలోపే ఆమె పక్కనుంచి తొంగిచూసి పేరు చెప్పేసేది. ఒకసారి నేను కిందామీదా పడుతుంటే సరోజక్క, "గా కాలేజీల ఏం నేర్పుతుండ్రు తమ్మీ, చింతపండు తీసుడన్న నేర్చుకో" అన్నది. అందరూ నవ్వారు. వదినె కూడా నవ్వింది. ఆ నవ్వులో ఎగతాళి లేదని ఇప్పుడు తెలుస్తున్నది. అప్పుడు మాత్రం ఆమెను ఒక్కసారైనా అందరి ముందూ తడబడేలా చేయాలని పట్టుదల పుట్టింది. కొన్నాళ్ళు అదే ధ్యాసగా కూర్చుని నా పజిల్ నేనే తయారు చేశాను. తక్కెడ వేలాడుతున్న కిరాణం దుకాణం, దాని కింద రెండు. అంగీ జేబు, దాని కింద ఒకటి. ఏనుగు మావటి చేతిలోని అంకుశం, దాని కింద మూడు. తేలికగా అనుమానం రాకూడదని బొమ్మలను తలకిందుల వరుసలో పెట్టి, కుడి నుంచి ఎడమకు చదవాలని మూలకు ఒక బాణం గీశాను. మా సీరియల్లో ఆ పేరుగల మనిషే లేడు గనుక ఆమె జాగ్రత్తపడుతుంది. అందుకని ఒక అబద్ధం కూడా అల్లాను. కరీంనగర్‌లో నా దోస్తు దగ్గర వేరే పత్రిక చూశానని, అందులో కొత్త సీరియల్ మొదలవుతున్నదని, కథానాయకుడి పేరు ఈ బొమ్మల్లో ఉందని, నేను చూసి గీసుకొచ్చానని చెప్పాను.

ఆ మధ్యాహ్నం కాగితం మధ్యలో పరిచాను. అందరూ సుత్తెలు పట్టుకునే వంగి చూశారు. అంకుశం ఎవరికీ అందలేదు. పెద్దమ్మ అది గొర్రెల కాపరి కట్టె అన్నది. సరోజక్క కొడవలి అన్నది. వదినె గింజ తీస్తున్న చేతిని ఆపి, "ఏనుగును పొడిచేది గదా, అంకుశం" అన్నది. ఆ తరువాత ఆమె చూపు బాణం మీద పడింది. ఆమెకొక అలవాటు ఉండేది. అక్షరాలను లోలోపల పేర్చుకుని, పేరును ఒక్కసారిగా గట్టిగా పైకి అనేది, గెలిచినవాళ్ళు చప్పట్లు కొట్టినట్టు. ఆ రోజూ అట్లాగే అన్నది.

"రాజేశం."

సుత్తెలన్నీ ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం ఆ సాయబానులో నేను ఎన్నడూ వినలేదు. వదినె చింతపండు జిగురు చేతినే నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళు పెద్దవయ్యాయి. ఎవరో వెనకనుంచి కొట్టినట్టు ఉంది ఆమె ముఖం. నేను నవ్వాను. ఇది దాచుకోదలచుకోలేదు, గట్టిగానే నవ్వాను. నాతో పాటు ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాను. పెద్దమ్మ సుత్తె కింద పెట్టి, "లే. పో. పుస్తె కండ్లకద్దుకొని దేవునికి దీపం ముట్టియ్యి" అని మాత్రం అన్నది. వదినె లేచి లోపలికి పోయింది. బొమ్మల కాగితాన్ని నేను మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎందుకో అప్పుడే భయం వేసింది.

మర్నాడు పొద్దెక్కాక బొగ్గుబాయి నుంచి ఒక మనిషి బస్సు దిగి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. నిన్న బాయిలో పైకప్పు కూలిందని, రాజేశం కాలు బండ కింద పడిందని, ప్రాణానికి భయం లేదుగాని మోకాలి కింద తీసేయాల్సి వచ్చిందని చెప్పాడు. చెప్పి, మంచినీళ్ళు కూడా తాగకుండా నిలబడ్డాడు. పెద్దమ్మ ఏడవలేదు. నెమ్మదిగా తల తిప్పి కోడలి వైపు చూసింది. నేను చాలా మంది కోపాలు చూశాను, ఆ చూపు లాంటిది మళ్ళీ చూడలేదు. సరోజక్క గొంతే ముందు లేచింది. "నిన్న నోట్లకెల్లి పేరు తీసె, ఇయ్యాల గీ వార్త వచ్చె. గెలుసుడు గెలుసుడని ఉరికితివి గదనే, మా అన్న కాలు గెలుసుకుంటివి" అన్నది. వదినె స్తంభం పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది.

నేను నీళ్ళ గోలెం పక్కన నిలబడి ఉన్నాను. ఆ బొమ్మలు ఏ పత్రికలోవీ కావు, నేను గీసినవి, కావాలనే ఉచ్చు పన్నాను అని ఒక్క మాట అంటే ఆ నిందలో సగం నా మీదికి వచ్చేది. నోరు తెరిచాను కూడా. పెద్దమ్మ ముఖం చూసి మూసుకున్నాను. ఇప్పుడు కాదు, అన్న దవాఖానా నుంచి రానీ అనుకున్నాను. అన్న వచ్చాక, పెద్దమ్మ మనసు కుదుటపడనీ అనుకున్నాను. అట్లా అనుకోవడానికి ఎప్పుడూ ఒక కారణం దొరికింది. పేరుకూ కాలుకూ సంబంధమే లేదు కదా, లేని తప్పును ఒప్పుకోవడమేమిటి అని చదువుకున్నవాడి వాదం కూడా దొరికింది. ఆ వాదం నాకు అడ్డం నిలబడింది గాని ఆమెకు నిలబడలేదు.

పెద్దమ్మ అందరినీ పిలిచి, ఈ సంగతి రాజేశం చెవిన పడొద్దని ఒట్టు వేయించుకుంది. కాలు పోయి పడుకున్నవానికి పెళ్ళాం నోటి వల్ల పోయిందని తెలిస్తే కాపురం నిలవదని ఆమె భయం. ఆ మేరకు ఆమెది దయే. కానీ కోడలిని క్షమించలేదు. నోటి దోషం పోవాలని కొండగట్టు అంజన్నకు మొక్కించింది. ఏటా ఒకసారి మాట్లాడకుండా గుట్ట ఎక్కి దిగాలని. వదినె ఎక్కేది. పొద్దున ఇల్లు కదిలిన దగ్గరి నుంచి తిరిగి వచ్చి కాళ్ళు కడుక్కునేదాకా పెదవి విప్పేది కాదు. పెళ్ళిళ్ళలో గడప దగ్గరికి ఎవరూ ఆమెను పిలవలేదు. సరోజక్క తన పెద్ద బిడ్డ పెళ్ళిలో వదినె తనంతట తాను ముందుకు వస్తే, "నువ్వు వంటింట్ల చూసుకో" అని అందరి ముందూ అన్నది. నేను అక్కడే ఉన్నాను, భోజనాల ఆకులు సర్దుతున్నాను. వదినె వెనక్కి పోయింది. ఆ తరువాత ఆమె ఒక్క బొమ్మల పజిల్ కూడా ముట్టుకోలేదు. మెల్లగా సీరియల్ చదవడమే మా ఇంట్లో మానేశారు. అన్నకు బాయి పైన దీపాలిచ్చే గదిలో కూర్చునే పని ఇచ్చారు, క్వార్టరు దొరికింది, వదినె ఖనికి వెళ్ళిపోయింది, ఇప్పటికీ వాళ్ళుండేది అక్కడే. నేను ఉట్నూరు దిక్కు అడవి ఊళ్ళలో పంతులుగా చేరాను. మూఢనమ్మకాలు వద్దని పిల్లలకు ఏళ్ళకేళ్ళు పాఠాలు చెప్పాను. ఆ పాఠం చెబుతున్నప్పుడు ఒక్కనాడూ నాకు సిగ్గు వేయలేదు.

కరీంనగర్ దవాఖానాలో నేను కిటికీకి పోయి అన్న పేరు చెప్పి చీటీ తీసుకొచ్చాను. డాక్టరు చూశాడు. తీసేసిన కాలు మొండి దగ్గర పుండు పడిందని, సూది మందు వేయించి సాయంత్రం దాకా ఉంచమన్నాడు. మందు పడ్డాక అన్న జ్వరం కొంచెం దిగి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వదినె టీ తెచ్చింది. ముగ్గురమూ ఒకే బెంచీ మీద ఉన్నాం. ఇక దాచలేకపోయాను. ఎక్కడ మొదలుపెట్టానో గుర్తులేదు. పజిల్ నేనే తయారు చేశానని, దోస్తు దగ్గర పత్రిక అంతా అబద్ధమని, ఆమె గెలవడం ఓర్వలేక చేశానని, మర్నాడు అందరూ ఆమెను అంటుంటే గోలెం పక్కన నిలబడి విన్నానని చెప్పాను. చెబుతున్నంతసేపూ వదినె టీ గ్లాసు వైపే చూసింది.

"గది పత్రికల రాలేదని నాకు ఎర్కే" అన్నది ఆమె. "గా పత్రిక పేరు ఏందని ఎన్నిసార్లు అడిగిన నిన్ను. ఒక్కనాడు చెప్పకపోతివి."

మరి ఆనాడే నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తె ఏమైతుండె? బొమ్మలు నువ్వే గీస్తివి. పేరు తీసింది నా నోరే గద. వాళ్ళు అన్నరని కాదు నర్సింగం, నాకే నమ్మకమైంది. నేనే తిన్న మీ అన్న కాలు అనుకున్న. గిప్పటిదాంక గదే అనుకుంటున్న."

ఇంతకాలం నేను అనుకున్నది వేరు. పదిమంది ఆమెను తప్పుగా అన్నారని, ఆమె ఓర్చుకున్నదని. లోపల ఆమె కూడా వాళ్ళతో చేరి తనను తాను అన్నదని, రోజూ ఆ కర్రకాలు తొడిగి తీసే చేతులతోనే ఆ నేరం మోసిందని నాకు తట్టనే లేదు. ఆ నిమిషంలో నాకంటే ఎక్కువ నిర్ఘాంతపోయిన మనిషి ఇంకొకరు ఉన్నారని అన్న గొంతు విన్నాకే గుర్తొచ్చింది.

"ఏం పేరు? ఏం తినుడు? నాకెవ్వలు జెప్పలేదేంది గీ ముచ్చట?" అన్నాడు రాజేశం అన్న.

ఒట్టు సంగతి, పెద్దమ్మ భయం, కొండగట్టు మొక్కు, అన్నీ చెప్పాను. ఆయన వింటూ వింటూ భార్య ముఖంలోకి చూశాడు. ఏటా గుట్ట ఎక్కుతున్నది తన ఆరోగ్యం కోసమని ఆయన అనుకున్నాడట. "మీరు గా బొమ్మలు చూసింది ఎప్పుడు? పొద్దుగాలనా, పగటీలా?" అని అడిగాడు. అన్నాలు తిన్న తరువాత అని చెప్పాను. ఆయన కర్రకాలు మీద చెయ్యి వేసి రుద్దుకుంటూ కూర్చున్నాడు.

"నాది పొద్దటి షిఫ్టు ఆ రోజు. దిగి జరసేపు గాలే, పైకెల్లి బండ వడ్డది. నువ్వు నా పేరు తీసేటాల్లకు నా కాలు తీసేసుడు సుత అయిపోయింది శాంతా. నేను మత్తుమందు మీద పండుకొని ఉన్న. ఒక్కసారన్న అడగకపోతివి, ఎప్పుడు వడ్డదని."

వదినె గ్లాసు కింద పెట్టింది. పెట్టిన చెయ్యి గ్లాసు మీదే ఉండిపోయింది. "అడుగుదామంటే భయమైంది. గదే ఏళ అని చెప్తవేమోనని" అన్నది. తరువాత పైట చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. అన్న నా వైపు చూడలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేదని అప్పుడు అనిపించింది.

బాయి నుంచి వచ్చిన మనిషి నిన్న అని చెప్పాడు గాని, నిన్న ఏ వేళ అని మాలో ఒక్కరమూ అడగలేదు. అన్న దగ్గర పేరు సంగతి దాచారు గనుక, ఏ వేళకు పడిందో చెప్పాల్సిన అవసరం ఉందని ఆయనకు తెలియలేదు. రెండు ముక్కలు ఒకే ఇంట్లో, ఒకే మంచం దగ్గర, ఏళ్ళ తరబడి పక్కపక్కనే ఉండి కలవలేదు. నేను ఆనాడే గోలెం పక్కనుంచి ఒక్క అడుగు ముందుకు వేసి నోరు విప్పి ఉంటే, ఆ గొడవలో ఆ మాటా ఈ మాటా బయటికి వచ్చి ఆ వారంలోనే కలిసేవి.

పెద్దమ్మకు చెప్పుకోవడానికి ఆమె లేదు. పోయి అప్పటికే చాలా కాలమైంది. మిగిలింది సరోజక్క. ఆ వారమే జగిత్యాలలో ఆమె ఇంటికి పోయాను. ఆమె కూతుళ్ళ పెళ్ళిళ్ళయిపోయి, కొడుకూ కోడలితో ఉంటున్నది. మోకాళ్ళ నొప్పులతో మంచం దిగడం తక్కువ. వరండాలో కుర్చీ వేసుకుని మొదటి నుంచీ చెప్పాను. బొమ్మలు, బాణం, నా అబద్ధం, అన్న పొద్దటి షిఫ్టు. నేను చెప్పడం అయ్యాక ఆమె అన్న మాట నన్ను కుర్చీలో అట్లాగే కూలేసింది. "నువ్వక్కడ ఉన్నవా ఆనాడు? నాకు యాదికే లేదు. శాంత పేరు తీసిందొక్కటే యాదికున్నది" అన్నది.

ఆ సాయబాను, ఆ కాగితం, నా నవ్వు, ఏదీ ఆమెకు గుర్తులేదు. నేను లేనే లేను. అక్షరాలు మూడూ గుర్తున్నాయి, పలికిన నోరు గుర్తుంది. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఈసారి ఆమె మధ్య మధ్యలో అడ్డుపడింది. ఎవరు గీస్తే ఏమి, అన్నది అదే కదా అన్నది. పొద్దటి షిఫ్టు అంటే ఎప్పుడు అని అడిగింది. వెలుగు సరిగా రాకముందే దిగుతారని చెప్పాను. నమ్మలేనట్టు చూసింది. నిజంగా అన్ననే చెప్పిండా అని రెండోసారి అడిగింది. చెప్పాడన్నాను. ఆనాడే ఎందుకు చెప్పలేదని అడిగింది. భయపడ్డానన్నాను. "నువ్వు భయపడ్డవు. అది పడ్డది" అని, తల తిప్పుకుంది.

ఇద్దరమూ అట్లా కూర్చుని ఉండగా వంటింట్లోంచి ఆమె కోడలు కేక వేసింది. "రమేష్, గ్యాస్ అయిపోయింది, జర సిలిండర్ మార్చు." లోపలి గదిలోంచి సరోజక్క కొడుకు, వస్తున్నా అని లేచిపోయాడు. ఇంట్లో ఏ చప్పుడూ ఆగలేదు. టీవీ నడుస్తూనే ఉంది. ఆ పిల్ల పొయ్యి దగ్గర ఏదో కూనిరాగం తీస్తూనే ఉంది. అక్క, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ అమ్మాయి ఆ పేరు రోజుకు వంద సార్లు అంటుందేమో, అక్క రోజూ వింటూనే ఉందేమో. ఆ రోజు మాత్రం మొదటిసారి విన్నట్టు ఆమె వంటింటి వైపు చూసింది.

వచ్చే దారిలో నేను ఆలోచించుకున్న మాట అప్పుడు చెప్పాను. ఆమెను పదిమందిలో అన్నాం కాబట్టి పదిమందిలోనే కాదనాలి, మన వాడలో ఆనాటివాళ్ళు ఇంకా ఎవరెవరున్నారో వాళ్ళందరి దగ్గరికీ పోతాను, ఒక్కో ఇంట్లో కూర్చుని చెబుతాను అన్నాను. అన్నట్టే తరువాతి నెలల్లో పోయాను. కొందరు నవ్వారు, ఒకరిద్దరు నా ముఖం మీదే తలుపు వేసినంత పని చేశారు, ఒక ముసలమ్మ ఆసాంతం విని కూడా ఏమైనా సరే, పేరు తీయొద్దు బిడ్డా అన్నది. అయినా పోయాను. కానీ ఆ రోజు జగిత్యాలలో అక్క నా మాట పూర్తిగా వినలేదు. మంచం పట్టె పట్టుకుని, మోకాలు నొక్కుకుంటూ లేచి నిలబడింది. కోడలిని పిలిచి, సంచీలో రెండు చీరలు పెట్టమన్నది. ఈ నొప్పులతో ఎక్కడికి అని ఆ పిల్ల అడుగుతుండగానే నా భుజం మీద బరువుగా చెయ్యి వేసింది.

"ఖనికి బస్సు ఎన్నిటికున్నది?" అన్నది.